ఆపాల్సిన మాత్ర ఏదో ఎవరు చెప్పాలి?



ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక పెద్దవాళ్లు మందులు సరిగా వేసుకోరని మీ పత్రికలో గత ఆదివారం వ్యాసంలో రాశారు. ఆ మాట నన్ను బాధించింది. మా నాన్నగారికి 78 ఏళ్లు. ఒక్క పూట కూడా తప్పకుండా వేసుకున్నారు, ముప్పు అక్కడే వచ్చింది. ఇంట్లో ఉన్న పాత బీపీ మాత్ర ఆమ్లోడిపిన్. డిశ్చార్జి రోజు రాసిన మాత్ర పేరు వేరు, కంపెనీ వేరు, లోపలి మందు మాత్రం అదే. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు. రెండూ వేసుకున్నారు. పాదాలు వాచాయి. నాలుగో రోజు తెల్లవారుజామున కళ్లు తిరిగి పడిపోయారు.

మందుల చీటీలో జనరిక్ పేరు, అంటే లోపలి మందు పేరు, స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని వైద్య మండలి నిబంధన 2016 నుంచీ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేపట్టిన మందుల భద్రతా కార్యక్రమంలోనూ ఇలా ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ఘట్టం ముఖ్యాంశమే.

మాకిచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషే. ‘టీడీఎస్’ అంటే రోజుకు మూడుసార్లని అమ్మకెలా తెలుస్తుంది? ఆసుపత్రుల వారికి నా విన్నపం: ఏది కొనసాగించాలో, ఏది ఆపాలో, ఏది కొత్తదో తెలుగులో ఒక్క కాగితం రాసివ్వండి. ఇంట్లోని మాత్రల డబ్బా తెప్పించి, నర్సమ్మ ఎదుటే సరిచూడండి. ఇంటికి పంపిన మూడో రోజున ఒక ఫోను చేయండి.

– ఒక పాఠకురాలు, ఒంగోలు