ప్రతిజ్ఞాపాశము

అమెరికా గ్రంథకర్త జార్జి మార్టిన్ 1996లో ఆరంభించిన కథామాలలో వెస్టెరోస్ అను కల్పితరాజ్యము కలదు. అందు రాజును గాచువారు శ్వేతప్రావారధారులగు ఏడుగురు వీరులు. వారికి భార్య లేదు, భూమి లేదు, చచ్చువరకు కొలువే. ఉన్మత్తుడగు ఏరిస్ రాజు రికర్డ్ స్టార్క్‌ను కొలువుకూటముననే సజీవముగ దహింపించుచుండగా వీరు ఖడ్గపాణులై చూచుచు నిలిచిరి. వారి కీర్తికి లోప మేమియు రాలేదు! ఆ రాజే నగరమునెల్ల తగులబెట్ట నుద్యుక్తుడు కాగా, వారిలో నొకడగు జైమీ కత్తి దూసి వానిని చంపెను. లోకము వీనికి రాజఘాతకుడని పేరిడినది.

భటుడే న్యాయాధిపతి యైనచో రాజ్యము నిలుచునా యని కొంద రడుగుదురు. సమంజసమైన ప్రశ్నయే. రోములో 193వ సంవత్సరమున అంగరక్షకభటులు పెర్టినాక్స్ చక్రవర్తిని చంపి సింహాసనమును వేలము వేసిరి. అందుచేతనే ప్రతిజ్ఞ రాజుపేర గాక శాసనము పేర చేయింపవలెను. రాజును దానికి లోబడవలెను.

ద్రౌపది ప్రశ్నించినప్పుడు భీష్ముడంతవాడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. మన యిండ్లలో నేటికిని మౌనమునే వినయమనుచున్నాము. అన్యాయము చూచి నోరు మూసికొనుట నేర్చిన బిడ్డ రేపు ఎవ్వని వాకిట కావలి యుండునో, తల్లిదండ్రులారా, యోచింపుడు.