వీధిలోని రెండు దుకాణములు, జెనీవాలోని ఒక బేరము

హైదరాబాదులోని చిల్కానగరు వీధులలో సాయంకాలము నడచువానికి మందుల దుకాణమును, కొంచెము దూరములో రేషను దుకాణమును కనబడుట వింత గాదు. ఒకచోట నెలకు సరిపడు రక్తపుపోటు మాత్రలు కొని జేబులో వేసికొను వృద్ధుడును, వేరొకచోట మనిషికి 6 కిలోల చొప్పున సన్నబియ్యము తూయించుకొను గృహిణియు, తమకు ప్రపంచ వాణిజ్యముతో ఏ సంబంధమో కలదని కలనైనను తలపరు. కాని ఆ మాత్రల వెలయు, ఆ బియ్యమును ప్రభుత్వము రైతునొద్ద కొనెడి తీరును, 1986 మొదలు 1994 వరకు జెనీవాలో సాగిన ఒక వాణిజ్య బేరముతో ముడిపడి యున్నవి. ఆ బేరమున మనవారు మొదటి దుకాణమును నేర్పుతోడను, కొంత యదృష్టముతోడను కాచుకొనిరి. రెండవదాని విషయమున ఏమరిరి.

భారతదేశము ప్రపంచ వాణిజ్య వ్యవస్థలో నిన్న మొన్న చేరినది గాదు. 1947 అక్టోబరులో జెనీవా నగరమున గాట్ అను వాణిజ్య ఒప్పందమును రూపొందించిన 23 దేశములలో మనదియు నొకటి. 1948 జూలై 8 నుండి అది మనయెడ అమలునకు వచ్చెను. చిత్రమేమనగా, ఆనాటికి చిల్కానగరున్న ఉప్పలు, నాచారము ప్రాంతమంతయు భారతదేశములో లేదు. కరోడ్‌గిరి సుంకములతోను, హాలీ సిక్కా అను స్వంత నాణెముతోను నైజాము రాజ్యము వేరొక వాణిజ్య ప్రపంచముగా నుండెను. ఆ యేటి సెప్టెంబరు 17న నైజాము రాజ్యము భారతదేశమునకు లొంగిన తరువాతనే గాట్ సభ్యత్వము, ఎవరును అడుగకయే, మనకు వారసత్వముగా సంక్రమించెను. చైనా పదునైదేండ్లు వాకిట నిలిచి 2001 డిసెంబరు 11న లోన అడుగిడెను. మనమో, లోపలనే కాపురముండియు, ఆ యింటిని పడగొట్టి ప్రపంచ వాణిజ్య సంస్థగా తిరిగి కట్టునపుడు మరల ప్రవేశపు వెల చెల్లింపవలసినవారమైతిమి.

ఆ వెలలో పెద్దపాలు మందులది. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ నివేదికను ఆధారముగా గొని చేసిన 1970 నాటి పేటెంటు చట్టము, ఔషధమునకు గాక దానిని తయారుచేయు పద్ధతికి మాత్రమే హక్కు నిచ్చెను. కావున వేరొక పద్ధతిలో అదే మందును చేయగల రసాయనజ్ఞునికి చట్టము అడ్డుగా నిలువలేదు. ఈ వీలును హైదరాబాదు వాడుకొన్నంతగా మరి యే నగరమైనను వాడుకొన్నదా యనునది సందేహమే. బాలానగరులోని ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ కర్మాగారము, తార్నాకనుండి ఉప్పలు వచ్చు దారిలోని ప్రాంతీయ పరిశోధనాలయము—నేటి ఐఐసీటీ—ఈ రెండును ఒక తరమునకు విద్య గరపినవి. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో స్వంత సంస్థను స్థాపించుట ఆ విద్యకు ఫలమే.

1986 సెప్టెంబరులో ఉరుగ్వే దేశమున ఆ బేరపు చర్చలు మొదలగునాటికి, పేటెంట్లను అందులో చేర్చుటను బ్రెజిలుతో గూడి ఎదిరించిన భారతదేశము, 1989 నాటికి పట్టు సడలించెను. 1991లో అమెరికా మనలను తన ప్రత్యేక జాబితా కెక్కించి బెదరించుటయు, అదే యేట విదేశీమారకద్రవ్యము అడుగంటి బంగారము కుదువబెట్టవలసి వచ్చుటయు తలచిన, బేరమాడువాని గొంతు ఏల సన్నగిల్లెనో తెలియగలదు. ఆ డిసెంబరు 20న గాట్ అధిపతి డంకెల్ వెలువరించిన ఒప్పందపు ముసాయిదాను అంగీకరింపవలసిన ప్రధాని మన పి.వి. నరసింహారావుగారే. 1994 ఏప్రిల్ 15న మర్రకేష్‌లో భారతదేశము సంతకము చేసెను.

అయినను ఒక వస్తువు మిగిలెను, అది కాలము. మందులపై పేటెంటు నిచ్చుటకు 2005 జనవరి 1 వరకు గడువు దొరికెను. ఆ పదేండ్లలో మన కంపెనీలు తట్టుకొను శక్తిని సంపాదించెను. పార్లమెంటు 2005 సవరణలో 3(డి) విభాగమును పదును పెట్టి, తెలిసిన మందునకు గుణమేమియు పెంచక రూపము మార్చినంత మాత్రమున క్రొత్త పేటెంటు లేదని శాసించెను. ఈ విభాగము ననుసరించియే 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు విదేశీ మందుల కంపెనీ నోవార్టిస్ వాదమును త్రోసిపుచ్చెను. అంతకు మున్ను, 2012 మార్చిలో, నెలకు సుమారు 2,80,000 రూపాయలు పలికిన బేయర్ వారి క్యాన్సరు మందును 9,000 లోపు అమ్ముటకు హైదరాబాదులోని నాట్కో కంపెనీకి, పేటెంటుదారుని సమ్మతి అక్కరలేని నిర్బంధ అనుమతి, దేశములోనే మొదటిది, లభించెను.

ఇక బియ్యము. ఎన్.టి. రామారావుగారు 1983లో ఆరంభించిన రెండు రూపాయల కిలోబియ్యము ఇంటింట ఉడుకుచున్న రోజులవైన 1986-88 నాటి ప్రపంచపు సగటు ధర, ఆ బేరమున కుదిరిన వ్యవసాయ ఒప్పందములో కొలబద్దగా స్థిరపడెను. ప్రభుత్వము నిల్వలకై ధాన్యమును మద్దతు ధరకు కొన్నచో, ఆ ధరకును ఆనాటి ధరకును గల వ్యత్యాసమంతయు రాయితీగా లెక్కకు వచ్చును. అది పంట విలువలో 10 శాతమును దాటరాదు. మూడు దశాబ్దములలో ఎరువు, కూలి, డీజిలు ఎంత పెరిగినను కొలబద్ద కదలదు! అప్పటి లెక్కలలో మన రాయితీ శూన్యమునకు దిగువనే యుండుటచేత, ఈ షరతు మనల నేనాడును తాకదని మనవారు నిబ్బరముగా నుండిరి కాబోలు. 2018-19లో బియ్యము విషయమున పరిమితి దాటనే దాటితిమి. 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థ బాలి సమావేశమున సంపాదించిన తాత్కాలిక రక్షణయే అపుడు ఆదుకొన్నది.

ఈ రెండు దుకాణముల భేదమునకు హేతువు దూరమున లేదు. మందుల వ్యాపారికి తనకు వచ్చు ముప్పు ముందుగానే తెలిసినది. అతనికి శాస్త్రజ్ఞుడును, న్యాయవాదియు అండగా నుండిరి. కల్లములో వడ్లు పోసి తూకమునకై కూర్చుండు రైతు పక్షమున, గుణకార భాగహారములలో దాగిన కత్తిని చూపగల వాడొక్కడును జెనీవాలో గట్టిగా నోరు విప్పినట్లు ఫలితమును జూచిన తోచదు. కావున ఇకముందు అక్కడికి పోవు ప్రతినిధివర్గము, ధాన్యము కొనుగోలు కేంద్రమును కంటితో చూచిన యొకనినైనను వెంట గొనిపోవలెనని మనవి. 2017 నాటికి శాశ్వత పరిష్కారము చూపెదమని బాలిలో మాట యిచ్చిరి. 2024లో అబుదాబి సమావేశమును ఆ పరిష్కారము లేకయే ముగిసినది. 1986-88 నాటి ధరయే కొలబద్దగా నున్నది.