అడగని మెయిలుకు మూల్యం నమ్మకమే

తమిళనాడులోని హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో పెద్ద కర్మాగారాలకు విడిభాగాలు అందించే చిన్న యూనిట్లకు ఈమెయిలే ప్రాణం. కొటేషన్, పర్చేజ్ ఆర్డర్, బిల్లు అన్నీ దాని మీదే నడుస్తాయి. కొత్త గిరాకీ కోసం ఎవరి దగ్గరో కొన్న వేల చిరునామాలకు ఒకే ప్రకటన పంపితే పైసా ఖర్చు లేదని అనిపిస్తుంది. కానీ 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. పంపేవారు తమ డొమైన్‌ను ధ్రువీకరించుకోవాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. అంటే వెయ్యి మందిలో ముగ్గురు స్పామ్ అని ఫిర్యాదు చేసినా చాలు, ఆ డొమైన్‌పై మచ్చ పడుతుంది. ప్రకటనా కొటేషనూ ఒకే డొమైన్ నుంచి వెళ్తాయి కనుక శిక్ష రెండింటికీ పడుతుంది. కొనుగోలు విభాగం ఎదురుచూస్తున్న కొటేషన్ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉండగానే గడువు దాటిపోతుంది. పంపినవారికి ఆ సంగతే తెలియదు.

రాజకీయ ప్రచారంలో నష్టం ఇంకా లోతైనది. 2024 మార్చిలో ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చాక కూడా ప్రధాని లేఖతో ‘వికసిత్ భారత్’ వాట్సాప్ సందేశాలు జనానికి చేరాయి. నియమావళికి ముందే పంపామని, సాంకేతిక కారణాలతో కొన్ని ఆలస్యంగా చేరి ఉండవచ్చని కేంద్రం చెప్పింది. ఎన్నికల సంఘం మార్చి 21న వాటిని ఆపమంది. లేఖలో చెప్పిన పథకాల కన్నా ‘మా నంబరు ఎలా దొరికింది’ అన్న ప్రశ్నే ముందుకొచ్చింది. మాధ్యమం వాట్సాపయినా ఈమెయిలయినా, అడగకుండా తలుపు తట్టినవారి మాట కన్నా వారి రాకపైనే అనుమానం నిలుస్తుంది.

కొత్తవారిని పలకరించకపోతే వ్యాపారం ఎలా పెరుగుతుందన్న వాదనలో న్యాయం ఉంది. అయితే ఫలానా యంత్రభాగం కొనే సంస్థను ఎంచుకుని, దాని అవసరం తెలుసుకుని రాసిన ఉత్తరం వేరు, కొన్న జాబితాపై చల్లిన ప్రకటన వేరు. ఉద్యమాలకూ ఇలాంటి వాదనే ఉంది, సంఖ్య లేకుంటే ప్రభుత్వం వినదని. ఉదాహరణకు, మాతృభాషలో చదువు కోసం హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువారు ఏళ్లుగా అడుగుతున్నారు. కానీ అక్షరం తేడా లేని వెయ్యి మెయిళ్లను అధికారి ఒక్కటిగానే లెక్కిస్తారు. తమ ఊరి బడి, తరగతి, ఖాళీగా ఉన్న టీచరు పోస్టు వివరాలతో పదిమంది తల్లిదండ్రులు రాస్తే జవాబివ్వక తప్పని పరిస్థితి వస్తుంది. ఈమెయిల్ స్పామ్‌పై మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు కాల్స్, ఎస్ఎంఎస్‌లకే పరిమితం. చట్టం అడ్డుకోనంత మాత్రాన పాఠకుడు క్షమించడు. అనుమతి అడగడం, వద్దన్న మరుక్షణం ఆపడం ఈ ప్రాంతపు చిన్న సంస్థలూ సంఘాలూ తమంతట తామే పెట్టుకోవాల్సిన నియమాలు. పెద్ద కంపెనీకి పోయిన పేరును తిరిగి కొనుక్కునే స్తోమత ఉంటుంది. వీరికి పేరే పెట్టుబడి.