చాయ్ తెచ్చేలోగా

మా వసారాలో ఒక ముసలాయన ఉన్నాడు. కూడు అడగడు, గుడ్డ అడగడు. కాని మా ఆవిడ ముగ్గు వేసుకుందామంటే సరిగ్గా ఆ చోటనే అడ్డంగా నిలబడి ఉంటాడు. ఆయన మా నాన్నగారు 1966లో కొన్న జావా మోటారు సైకిలు. మా ఆవిడ లెక్కలో అది పాత ఇనుము. నా లెక్కలో పిత్రార్జితం. ఈ ఒక్క విషయంలో పేచీ ఉండబట్టే కాబోలు, తక్కిన విషయాల్లో మా కాపురం సాఫీగా సాగిపోతోంది.

చిన్నప్పుడు జావా అంటే తూర్పు సముద్రంలోని దీవి పేరే పెట్టారనుకునేవాణ్ణి. కాదు. చెకోస్లోవాకియాలో జానెచెక్ అనే ఆయన 1929లో వాండరర్ అనే జర్మను కంపెనీ బండిని తయారుచేసే హక్కు కొన్నాడు. తన పేరులో ముందు ముక్కా, ఆ కంపెనీ పేరులో ముందు ముక్కా అతికించి ‘జావా’ అన్నాడు. మన దేశంలో 1961 నుంచి మైసూరులో ఈ బళ్ళు తయారయ్యాయి. 1973లో పేరు యెజ్డీగా మారింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో మళ్ళీ జావా పేరుతో కొత్త బళ్ళు బజారుకొచ్చాయి గాని, వాటికీ మా ముసలాయనకూ పేరుపొత్తే తప్ప చుట్టరికం లేదు. వాటి పిస్టను దీనికి పట్టదు.

పుట్టిల్లు మూతపడ్డ యంత్రానికి ఇక దిక్కెవరు? మెకానిక్కే దిక్కు. ఆ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు చిత్తగించండి.

ఈ బండిది టూ స్ట్రోకు ఇంజను. పిస్టనుకు విడిగా నూనె అందించే ఏర్పాటేమీ ఇందులో లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి, లీటరుకు ఉజ్జాయింపుగా 40 మిల్లీలీటర్లు. ఆ నూనే లోపలికి వెళ్ళి పిస్టనునూ బేరింగులనూ తడుపుతుంది. ఒట్టి పెట్రోలు పోస్తే, తడపడం మాట దేవుడెరుగు, ఉన్న జిడ్డును కూడా కడిగేస్తుంది. ఇదంతా నాకు నాన్నగారు చెప్పారు. ముప్ఫైయేళ్ళపాటు లెక్కల మాస్టరుగా ఉండి, ‘మరచిపోయానండీ’ అన్న ప్రతి కుర్రవాణ్ణీ బెంచీ ఎక్కించిన ఘనుణ్ణి నేను. అట్లాంటివాణ్ణి, ఆ మధ్య భద్రాద్రి రాముణ్ణి చూసివద్దామని బయలుదేరి, కొత్తగూడెంలో టాంకు నింపించుకొని, నూనె కలపడం మరచిపోయాను.

అక్కడినుంచి భద్రాచలం నలభై కిలోమీటర్లు. పాల్వంచ దాటి అడవిలో పడ్డాక ఇంజను ఒకసారి మూలిగింది. ఆ తరువాత వెనక చక్రం ఎవరో పట్టుకున్నట్లు బిగిసింది. బండి ఈడ్చుకుపోయి ఆగింది. పడలేదు, రాముడి దయ. కిక్కు మీద నిలబడ్డా దిగలేదు. టేకుచెట్ల మధ్య నేనూ, నా పిత్రార్జితమూ, ఎక్కడో ఒక పిట్టా! చివరికి ఒక ట్రాలీ ఆటో అబ్బాయి జాలిపడి ఎక్కించుకొని, గోదావరి ఇవతలి ఒడ్డున ఒక రేకులకొట్టు ముందు దింపాడు. “జావా అయితే ఈ ఉస్తాదే సారూ, వేరే దిక్కులేదు” అన్నాడు.

ఉస్తాదుకు డెబ్బై దాటాయి. బండిని చూడగానే నన్ను పలకరించలేదు, దాన్ని పలకరించాడు. టాంకు మూత తీసి వాసన చూశాడు. వేలు ముంచి బొటనవేలితో రుద్దాడు. “నూనె పొయ్యలే,” అన్నాడు. బెంచీ ఎక్కినంత పని అయింది నాకు.

ఆయన చిన్నతనంలో ఖమ్మంలో ఒక పెద్ద ఉస్తాదు దగ్గర పని నేర్చాడట. ఏడేళ్ళు. మొదటి ఏడాది కిరసనాయిలుతో సామాను కడగడం, రెండో ఏడాది పంక్చర్లు, మూడో ఏడు స్పానరు ముట్టుకోనిచ్చారు. కాని ఇంజను తిరిగి బిగించి, ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో కట్టే ఆ ఒక్క ఘడియా వచ్చేసరికి, “పో పిలగా, చాయ్ పట్రా” అనేవాడట ఆ పెద్దాయన. తిరిగి వచ్చేసరికి మూత బిగించి ఉండేది. ఏడేళ్ళలో ఎన్ని చాయ్‌లు తెచ్చాడో లెక్కలేదు.

“మరి మీకెట్లా వచ్చింది?” అన్నాను.

“ఒకనాడు చాయ్‌కు పోలే. రేకు సందులోంచి చూసిన.”

ఆ తరువాత ఈయనా ఉస్తాదయ్యాడు. ఈయన దగ్గరా పిల్లలు చేరారు. ఈయనా వాళ్ళను చాయ్‌కే పంపాడు! ఇదేం న్యాయమని అడిగాను. నేను చదువు చెప్పుకొని బతికినవాణ్ణి గదా, దాచుకోవడమంటే నాకు కోపం. ఆయన నవ్వాడు. “సారూ, నువ్వు లెక్క చెప్తే నీకు జీతం వస్తది. చెప్పినంక కూడా వస్తది. నేను చెప్తే వాడు ఎదురుగ కొట్టు పెడతడు. నా పొయ్యి మీద వాడి కుండ ఎక్కుతది.” నా దగ్గర జవాబు లేదు. నెలజీతగాడికి ఉదారంగా ఉండటం తేలిక. కిటుకే ఆస్తి అయినవాడికి దాన్ని పంచడం పొలం పంచినట్లే.

అయితే ఆ ఆస్తికి ఇప్పుడు వారసుడు లేడు. కొడుకులిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. మిగిలింది ఒక కుర్రవాడు, దుమ్ముగూడెం వైపు కోయగూడెం నుంచి వచ్చినవాడు. పదో తరగతి తప్పి, మళ్ళీ కట్టి పాసయ్యి, ఇక్కడ చేరి రెండేళ్ళయిందట. మాట తక్కువ. ఇంజను విప్పుతూంటే వాడు ఒక అట్టముక్క మీద ఇంజను బొమ్మ గీసి, ఎక్కడ తీసిన బోల్టును బొమ్మలో అక్కడే గుచ్చుతున్నాడు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదన్నాడు. ఉస్తాదు చూసీ చూడనట్లు ఊరుకున్నాడు.

సిలిండరు ఊడివచ్చింది. పిస్టను అల్యూమినియమ్‌ది, సిలిండరు పోత ఇనుముది. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది. నూనె లేక వేడెక్కి, పిస్టను ఉబ్బి, గోడకు అతుక్కుపోయింది. గోడమీద నిలువునా గీతలు. దానికి తోడు యాభై ఏళ్ళ అరుగుదల ఎంతుందో చూడాలి. బోరు కొలిచే గేజి ఉస్తాదు దగ్గర లేదు. ఒక కొత్త రింగును సిలిండరు పైభాగాన, గీతలు లేని పక్కకు దాని కొసలు వచ్చేట్లు పెట్టి, పిస్టనుతో నెట్టి సమంగా నిలిపాడు. కొసల మధ్య సందులో ఫీలరు గేజి ఆకులు దూర్చి కొలవమన్నాడు. ఆయన కళ్ళకు అంకెలు ఆనవు. కుర్రవాడు కొలిచాడు. మళ్ళీ అదే రింగును అట్టడుగున, పిస్టను రింగులు ఎన్నడూ చేరని చోట పెట్టి కొలిచాడు. తేడా 0.45 మిల్లీమీటరు.

“మూడు పెట్టి భాగించు. పదిహేను. బోరు అంత తిన్నది,” అన్నాడు ఉస్తాదు.

అంటే 0.15 మిల్లీమీటరు. ఉరమరగా రెండు తలవెంట్రుకల మందం. అంతమాత్రానికే ఇంజను బలం పక్కనుంచి జారిపోతుంది.

“మూడే ఎందుకు?” అన్నాడు కుర్రవాడు. వాణ్ణి నేను అంతసేపు మాట్లాడగా వినడం అదే మొదలు.

ఉస్తాదు తడబడ్డాడు. “మా ఉస్తాదు మూడన్నడు. మూడే.”

పాఠకులారా, ముప్ఫైయేళ్ళు ఏ ప్రశ్న కోసం బ్లాకుబోర్డు ముందు నిలబడి ఎదురుచూశానో, ఆ ప్రశ్న నాకు రేకులకొట్టులో ఎదురయింది! నేను లేచాను. “మీ ఊళ్ళో ఎడ్లబండి చక్రానికి కమ్మరి ఇనప పట్టా వేస్తాడు గదా? చక్రం అడ్డం కొలతకు మూడింతలూ, ఇంకా కొంచెమూ పొడవు పట్టా కావాలి. ఇరవైరెండు బై ఏడు. చక్రం అడ్డంగా జానెడు పెరిగితే పట్టా మూడు జానలకు పైగా పెరగాలి. ఇక్కడ రింగే పట్టా. పట్టా కొసల మధ్య సందు ఎంత పెరిగిందో, అడ్డం అందులో మూడోవంతు పెరిగినట్లు” అన్నాను. కుర్రవాడు సుద్దముక్కతో నేలమీద వేసుకొని చూశాడు. “మూడు కంటె కొంచెం ఎక్కువ పెట్టాలి. అప్పుడు పధ్నాలుగున్నర లోపే,” అన్నాడు. ఉస్తాదు వాడి వంకా, నా వంకా చూశాడు. ఆయనకు మూడు తెలుసు, ఎందుకో తెలియదు. నాకు ఎందుకో తెలుసు, అది దేనికి పనికివస్తుందో అన్నేళ్ళలో ఒక్కనాడూ చూడలేదు. ఇద్దరమూ కలిపితే ఒక మాస్టరు అయ్యాం.

సిలిండరు ఖమ్మం వెళ్ళి బోరు కొట్టించుకొని వచ్చింది. అద్దంలా నునుపు చేయకూడదట. సన్నని అడ్డగీతలు ఉంటేనే వాటిలో నూనె నిలుస్తుందట. కొంచెం పెద్ద సైజు పిస్టను దొరికింది. రింగులు ఎక్కించేటప్పుడు ఉస్తాదు కుర్రవాడి వేలు పట్టుకొని పిస్టను గాడిలోని చిన్న మేకును తాకించాడు. రింగు కొసలు ఆ మేకు దగ్గరే కలవాలి. లేకపోతే రింగు తిరిగి, సిలిండరు గోడలోని కిటికీలో కొస తగులుకొని విరుగుతుంది. ఇవన్నీ దాచకుండానే చెప్పాడు. నాకు ఆశ్చర్యమే.

మూడోసారి నేను వెళ్ళిన రోజున బిగింపు పూర్తయింది. ఇక మిగిలింది ఆ ఘడియ. పిస్టను పైకొసకు చేరడానికి రవ్వంత ముందే నిప్పు పడాలి. మరీ ముందు పడితే కిక్కు ఎదురుతన్ని కాలి ఎముక లెక్కచూస్తుంది. ఆలస్యమైతే బండి వేడెక్కుతుంది, లాగదు. ఉస్తాదు మూత విప్పాడు. స్క్రూడ్రైవరు పట్టిన కుడిచెయ్యి వణికింది. ఎడమచేత్తో పట్టి ఆపాడు. అయినా వణికింది. కొంతసేపు అట్లాగే కూర్చున్నాడు. కుర్రవాడు అలవాటు చొప్పున చాయ్ గ్లాసుల తీగబుట్ట అందుకొని లేచాడు.

“నువ్వు కూకో,” అన్నాడు ఉస్తాదు. తరువాత నా వైపు తిరిగి, “సారూ, మీరు పోయి మూడు చాయ్ పట్రండి,” అన్నాడు.

రిటైరయిన లెక్కల మాస్టరును, తీగబుట్ట పట్టుకొని సంతోషంగా వెళ్ళాను. హోటలువాడు ‘ఇప్పుడే’ అంటే ‘తొందరలేదు నాయనా, బాగా మరగనియ్యి’ అన్నాను. దూరాన గోదావరి వంతెన కనబడుతోంది. 1965లో అది తెరిచేదాకా బండ్లయినా మనుషులయినా పడవ మీద దాటవలసిందే. ఆ రోజుల్లో రేవులు ఎరిగిన సరంగులు ఎంతమందో ఉండేవారు. వంతెన వచ్చింది, వాళ్ళ విద్య వాళ్ళతోనే పోయింది. అది ఎవరి తప్పూ కాదు. ఈ విద్యకూ అదే గతేమో. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బళ్ళు మరీ కట్టుదిట్టమైన పొగ నిబంధనలకు లోబడాలి. వాటిలో పెట్రోలునూ నిప్పునూ లెక్కకట్టేది కంప్యూటరు. జావాలను నమ్ముకుంటే ఆ కుర్రవాడికి కూడు పుట్టదు. కాని అట్టముక్క మీద బోల్టులు గుచ్చడం, ‘మూడే ఎందుకు’ అని అడగడం ఏ బండికయినా పనికివస్తుంది గదా!

వీధి మలుపులో ఉండగానే వినిపించింది. డుగుడుగుడుగు. మా నాన్నగారు సాయంత్రం ఇంటికి వస్తున్న చప్పుడు. గ్లాసుల్లో చాయ్ కొంచెం ఒలికింది.

కొట్టులో స్టూలు మీద, సిగరెట్టు పెట్టెలోని పలచని కాగితం ముక్క ఒకటి ఉంది. అదేమిటన్నాను. కుర్రవాడు ఉస్తాదు వంక చూశాడు. ఆయన తల ఊపాడు. “పాయింట్ల మధ్య ఇది పెట్టి మెల్లగ లాగుతుండాలె సార్. ఇంజను తిప్పుతుంటె, పాయింట్లు విడిపోయే క్షణంలో కాగితం చేతికొస్తది. నిప్పు పడేది అప్పుడే,” అన్నాడు.

ఇంతేనా? ఏడేళ్ళ చాయ్‌ల వెనుక దాగింది ఈ కాగితం ముక్కా?

“పత్రికలో రాసుకో సారూ, పరవాలే,” అన్నాడు ఉస్తాదు. “కాగితం సంగతి ఎవడయినా చెప్తడు. చప్పుడు విని ఎంత జరపాలో చెవికి తెల్వాలె. అది నేను చెప్తే రాదు, వాడు పక్కన నిలబడితే వస్తది. ఇన్నాళ్ళు నిలబడనియ్యలే.” మొహం అటు తిప్పుకొని, కొత్త పిస్టను గదా, అయిదువందల కిలోమీటర్లు నెమ్మదిగా తోలమన్నాడు. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తోంది, అది నీటిని పీల్చి పాత రబ్బరును తింటుంది, నెలల తరబడి టాంకులో ఉంచవద్దన్నాడు. నూనె సంగతి మాత్రం నాకు చెప్పలేదు, కుర్రవాడికి చెప్పాడు: “సార్ పోయేముందు నువ్వే కలుపు.”

మీ ఇళ్ళల్లో కుట్టుమిషనో, గోడగడియారమో, గ్రామఫోనో మూలుగుతూంటే బాగుచేయించండి. చేసే ఆయన పక్కన మీ పిల్లవాణ్ణో పిల్లనో నిలబెట్టండి. చాయ్ తెమ్మంటే మాత్రం మీరు వెళ్ళండి.