పిలుపులు సరే, పీటలేవీ?

చుట్టాల్ని పెళ్ళికి పిలవడం ఒక ఎత్తు. వచ్చినవాళ్ళకి పీట వేసి, ఏదో ఒక పని అప్పగించి, "ఈవిడే రాకపోతే ఏమైపోయేదో" అనిపించడం ఇంకో ఎత్తు. టీవీ కథలకి తరువాయి భాగాలు తీసేవారికి మొదటి విద్య బాగానే పట్టుబడింది గాని, రెండోది ఇంకా అబ్బలేదు. "మీ అభిమాన పాత్రలు మళ్ళీ వస్తున్నాయహో" అని చాటింపు వేస్తారు. మనం పొంగిపోయి ముందు వరసలో కూచుంటాం. వాళ్ళొస్తారు, నవ్వుతారు, పాత మాట ఒకటి వల్లిస్తారు, వెళ్ళిపోతారు. చంద్రమండలాలూ, అంతరిక్ష నౌకలూ ఉన్న కథలైతే ఈ జబ్బు మరీ ఎక్కువ.

"ఇష్టమైనవాళ్ళు కనబడితే చాలదుటమ్మా, ఇంత రాద్ధాంతం దేనికీ?" అంటారు మా పక్కింటి పిన్నిగారు. చాలదండీ పిన్నిగారూ. నా తగువంతా అక్కడే.

'అమృతం' గుర్తుందిగా? 2001 నవంబరు నుంచి 2007 నవంబరు దాకా జెమినీ టీవీలో వచ్చింది. గుణ్ణం గంగరాజు గారి చలవ. ఆదివారం రాత్రి అయిందంటే మా విజయనగరంలో ఇల్లాళ్ళందరం వంటిల్లు ముందుగానే కడిగేసుకునేవాళ్ళం. అమృతం, ఆంజనేయులు, అమృత విలాస్ హోటలు, ఇంటి ఓనరు అప్పాజీ, సర్వం. ఇక సంజీవిని, శాంత సరేసరి. ఆ గంగరాజు గారే 2014లో 'అమృతం చందమామలో' అని సినిమా తీసి, వీళ్ళని ఏకంగా చంద్రుడి మీద దింపారు. అమృతంగా అవసరాల శ్రీనివాస్ వేశారు. అప్పాజీ మాత్రం మన పాత శివన్నారాయణ గారే.

అది సీరియల్లా మనసుకి పట్టలేదు. ముఖాలు మారాయి కనక అన్నారు చాలామంది. నేనొప్పుకోను. సీరియల్లోనే అమృతంగా మొదట శివాజీరాజా, తరవాత నరేశ్, ఆ తరవాత హర్షవర్ధన్ వేశారు. మనం చూడ్డం మానేశామా? సంజీవిని వేషం ఎన్ని చేతులు మారిందో లెక్క చెప్పగలరా ఎవరైనా? అమృతం మారినప్పుడు మా వీధి వీధంతా వారం రోజులు చర్చ. సంజీవిని మారినప్పుడు "ఓహో, ఇప్పుడీ అమ్మాయా" అనుకుని పోపు మాడకుండా చూసుకున్నాం. (ఇల్లాలి ముఖం ఎవరిక్కావాలి లెండి!)

కాబట్టి ముఖం కాదు. అమృతమంటే ఆ అద్దె వాటా, నెల తిరిగేసరికి గుమ్మంలో అప్పాజీ, రాత్రికి రాత్రి కోటీశ్వరుణ్ణయిపోతానని వేసిన పథకం, అది బెడిసికొట్టాక పెళ్ళాం ముందు పోని బింకం. అవి వెంట లేనివాడు ఎంత అమృతమైనా పేరుకే అమృతం. చంద్రుడి మీద అద్దె ఎవరికి బాకీ పడతాడు? అక్కడ బరువు ఆరోవంతే ఉంటుందట. మనిషితోబాటు హాస్యం కూడా అలాగే తేలిపోయింది.

మా ఊరి గిరీశం సంగతి వేరు. ముళ్ళపూడి వెంకటరమణ గారు 'గిరీశం లెక్చర్లు' రాసి అతగాణ్ణి సినిమా కబుర్లలోకి దింపితే దర్జాగా ఇమిడిపోయాడు. గిరీశం ఆస్తంతా నోరే. ఎక్కడికి తీసికెళ్ళినా అది వెంట వస్తుంది. అసలు గురజాడ వారే ఏం చేశారు? 1892లో ఆడించి, 1897లో అచ్చేసిన 'కన్యాశుల్కా'న్ని 1909 నాటికి తిరగరాశారు. పాతవాళ్ళనే మళ్ళీ పిలిచారు గాని, ఊరికే నించోబెట్టలేదు. మధురవాణికి ఎంత పని పెరిగిందో చూడండి! ఇవాళ ఆవిడ లేకుండా ఆ నాటకం ఊహించగలమా?

అమెరికా వాళ్ళ 'స్టార్ ట్రెక్'కి వద్దాం, మా మనవల పుణ్యమా అని నాకూ కొంత తెలిసింది. 2020 నుంచి 2023 దాకా 'పికార్డ్' అని తీశారు, పాత కెప్టెన్ని ముసలివాణ్ణి చేసి. మూడో భాగంలో పాత ఓడ జనమంతా దిగారు. అందులో డాక్టరమ్మ బెవర్లీ పికార్డ్ వల్ల కన్న కొడుకుని, తండ్రికి మాటైనా చెప్పకుండా ఇరవై ఏళ్ళు ఒంటిచేత్తో పెంచుకుంది. అదండీ పీట వెయ్యడమంటే! ఆవిడొచ్చిందంటే ఆవిడ బతికిన ఇరవై ఏళ్ళూ వెంట వచ్చాయి. కాని మొదటి భాగంలో పరిచయం చేసిన కొత్తవాళ్ళు సోజీ, రియోస్, ఎల్నార్ మూడో భాగం వచ్చేసరికి అయిపు లేరు. పెద్దత్తలు దిగగానే కొత్త కోడళ్ళని పెరట్లోకి పంపేసినట్టు.

ఈ పికార్డ్ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చాడు? 1966 నాటి కథకి కెప్టెన్ కిర్క్. 1987లో కొత్త సీరియల్ మొదలెట్టినప్పుడు కిర్క్‌ని పిలవలేదు. పాతవాళ్ళలో ఒక్క డాక్టర్ మెక్‌కాయ్, నూట ముప్ఫయ్యేడేళ్ళ ముసలాయనగా, మొదటి రోజు కాసేపు కనిపించి దీవించి వెళ్ళాడంతే. పెద్దవాళ్ళు పక్కకి జరిగారు కనకనే ముక్కూ మొహం తెలియని పికార్డ్‌కి చోటు దొరికింది. ఆనాడు కిర్క్‌నే లాక్కొచ్చి కూచోబెట్టి ఉంటే, ఇప్పుడు మళ్ళీ పిలవడానికి పికార్డ్ ఎక్కడుండేవాడు?

మన 'అమృతం ద్వితీయం' 2020 ఉగాది నాడు మొదలైంది. సరిగ్గా దేశమంతా లాక్‌డౌన్‌లో పడ్డ రోజు. హర్షవర్ధన్, శివన్నారాయణ తిరిగొచ్చారు. ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావు గారు 2018లోనే పోయారు. ఆ వేషం ఎల్బీ శ్రీరాం గారికిచ్చారు. ఆయన్ని తప్పుపట్టను, ఇచ్చినవారితోనే నా పేచీ. అంతటి నటుడికి సొంత పాత్ర ఇవ్వకూడదా? ఆంజనేయులు లేని హోటలుకి కొత్త భాగస్తుడిగా రానిస్తే, అమృతం అలవాటు చొప్పున "ఆంజనేయులూ" అని పిలిచి నాలిక్కరుచుకునేవాడు. ఆ లోటు నవ్వుల మధ్య ఉండనిస్తే మన కొంప మునిగేదా?

'ఆదిత్య 369'కి తరువాయి తీస్తామని ఏళ్ళ తరబడి మాట వినిపిస్తోంది. 1991 నాటి సినిమా అది, కాలయంత్రం కథ. కృష్ణకుమార్ వస్తాడా, ఆయన కొడుకు వస్తాడా అని అందరూ అడుగుతున్నారు. ప్రొఫెసరు గారి కూతురు హేమ మాట ఒక్కరెత్తరేం? ఆ యంత్రం గుట్టు తండ్రి తరవాత తెలియవలసింది ఆ అమ్మాయికి కాదుటండీ?