నడవమన్నారు సరే, ఎక్కడ నడవాలి?

వార్షిక సంచికలో నెలసరి గురించి రాస్తామంటే మా గదిలోనే ఇద్దరు వద్దన్నారు. పూర్వ విద్యార్థులు, పెద్దవాళ్లు చదువుతారు, బాగుండదన్నారు. కడుపునొప్పి అని చెప్పి కాలేజీ మానేసి పడుకున్న రోజులు లెక్కవేసుకున్నాక, రాయకపోతేనే బాగుండదని మిగతావాళ్లం అనుకున్నాం.

గదిలో ఎనిమిది మందిమి. ఇద్దరికి పీసీఓఎస్ ఉంది. బయట అందరూ పీసీఓడీ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు పుట్టే వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుంది. వారిలో 70 శాతం దాకా ఉన్నట్టే తెలియదు. మన హాస్టల్లో ఎంతమందికి ఉందో ఎవరూ అడగలేదు, మనమూ చెప్పలేదు.

స్కానింగులో కనిపించే "నీటి బుడగలు" అంటే భయపడి ఏడ్చినవాళ్లున్నారు. అవి గడ్డలు కావు. ఎదుగుదల మధ్యలో ఆగిన అండాల చిన్న సంచులు. అసలు తేడా హార్మోన్లలో ఉంది. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయక శరీరం దాన్ని ఇంకా ఎక్కువ తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచుతుంది. నెలసరి తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు అందువల్లే. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనడం తప్పు. మా ఇద్దరిలో ఒకమ్మాయి బరువు 42 కిలోలు.

ఇంటర్ చెల్లెళ్లకు ఒక మాట. రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం మామూలే. మూడేళ్లు దాటాక కూడా 21 రోజుల లోపే వస్తున్నా, 35 రోజులు దాటుతున్నా చూపించుకోవాలి. ఎనిమిదేళ్లు నిండేదాకా స్కానింగు చూసి ఈ జబ్బు తేల్చకూడదని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో మామూలు అండాశయం కూడా అలాగే కనిపించవచ్చు.

"పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని మా అమ్మలు అంటారు. సర్దుకోదు. నెలల తరబడి నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, అది మంచిది కాదు. పూర్తిగా పోయే మందు లేకపోయినా అదుపులో పెట్టే మందులున్నాయి. నెలసరి క్రమానికి హార్మోను మాత్రలు ఇస్తారు. అందరికీ అవి పడవు. బీపీ ఉన్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వచ్చేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఇంకొకరి చీటీతో మెడికల్ షాపులో కొనడం మానుకుందాం. ఇన్సులిన్ కోసం మెట్‌ఫార్మిన్ ఇస్తారు. మొదటి వారాల్లో వికారం, విరేచనాలు రావచ్చు. ముప్పై మందికి రెండు మరుగుదొడ్లున్న చోట ఆ వారాలు ఎలా గడుస్తాయో రాయనక్కర్లేదు. మాలో ఒకరు అందుకే పదో రోజున మానేశారు. అన్నం తిన్నాక, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవచ్చని తర్వాత ఇంకో డాక్టరమ్మ చెబితే తెలిసింది.

మందుతోపాటు అందరూ చెప్పేది తిండి, నడక, నిద్ర మార్చుకోమని. మాట నిజమే. బరువు ఎక్కువున్నవాళ్లు 5 శాతం తగ్గినా తేడా కనిపిస్తుంది. అయితే ఈ సలహా సొంత వంటిల్లు ఉన్నవాళ్లకు చెప్పే సలహా. మన కంచంలో ఏముండాలో మనం నిర్ణయించం. అన్నం కావలసినంత పెడతారు, కూర గరిటెడు. అన్నం తగ్గించమంటే ఆకలితో పడుకోమనా? ఆ 42 కిలోల అమ్మాయి సరిగ్గా అదే చేసి, రెండుసార్లు కళ్లు తిరిగి పడింది.

అందుకే ఇది మా ఇద్దరి జబ్బుగా కాక హాస్టలు సంగతిగా చూడాలని మా అభిప్రాయం. సాయంత్రం టీతో ఇచ్చే బిస్కెట్ల బదులు సెనగలో అలసందలో గుగ్గిళ్లు చేస్తే ఖర్చు పెద్దగా పెరగదు. పప్పు కాస్త చిక్కగా, కూర ఇంకో గరిటె. ఏడాదికొకసారైనా ఒక లేడీ డాక్టరు వచ్చి తలుపు వేసుకుని మాట్లాడాలి. కూలి పోగొట్టుకుని మా అమ్మలు ఊరి నుంచి రానక్కర్లేకుండా, వార్డెన్ మేడమ్ చీటీ రాసి ఒక అక్కను తోడిచ్చి ఆసుపత్రికి పంపాలి. మెస్ కమిటీలో ఉన్న మేము కూడా ఇన్నాళ్లూ స్వీటు గురించి తప్ప పప్పు గురించి అడగలేదు, ఆ తప్పు మాదే.

వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవాలంటారు. ఐదు రోజులు అరగంట చొప్పున. కాలేజీ నుంచి వచ్చేసరికి ఐదున్నర. ఆరుకు గేటు వేస్తారు. బట్టలు ఆరేసే డాబా తాళం ఆఫీసులో ఉంటుంది. ఆ తాళం రోజూ ఒక గంట ఇప్పించమని పదకొండు మందిమి సంతకాలు చేసి అర్జీ పెట్టాం.