స్కోపు తర్వాత చూద్దాం

మొదటి ఎయిర్ రైఫిల్ కొనడానికి వచ్చిన కుర్రాడి చెయ్యి ముందు స్కోపు మీదికే పోతుంది. తీరా చూస్తే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపుకు అనుమతే లేదు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది సన్నటి రంధ్రంలోంచి చూసే పీప్ సైటుతోనే. పది పాయింట్ల చుక్కేమో అర మిల్లీమీటరు!

పోటీల ఊసు లేకుండా కాగితం మీద గురి చూసుకునేవాళ్లు స్కోపు పెట్టుకోవచ్చు. అయితే ‘ఎన్ని రెట్లు’ అన్న అంకెకు పడిపోకూడదు. చాలా స్కోపులు 100 గజాల దూరానికి సర్ది వస్తాయి. పది మీటర్లలో బొమ్మ మసకబారుతుంది, కన్ను కాస్త పక్కకు జరిగితే గురి గీతలూ జరుగుతాయి. పైగా స్ప్రింగ్ రైఫిల్ వెనక్కి తన్ని, ఆ వెంటనే ముందుకూ తన్నుతుంది. నాసిరకం స్కోపు లోపలి అమరిక సడలేది ఎక్కువగా ఆ ముందు తన్నుకే. దగ్గరి దూరానికి ఫోకస్ అయ్యే, ఎయిర్ రైఫిల్ కోసమే చేసిన 4 రెట్ల స్కోపు చాలు.

మిగిలిన డబ్బుతో నాలుగైదు రకాల 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ డబ్బాలు కొనాలి. ఒకే రైఫిల్ ఒక రకంతో గుంపుగా కొడుతుంది, ఇంకో రకంతో కాగితమంతా చిల్లులు పెడుతుంది.